రెండు సీట్ల కారు

చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తుండగా ప్రమీల ఫోన్‌కు సందేశం వచ్చింది. తడి చెయ్యి నైటీకి తుడుచుకుని చూసింది. వాహనం పేరు మార్పిడి పూర్తయిందని ఉంది. కింద కారు నంబరు, తనదే. కొన్నవాడి పేరు ఫసీయుద్దీన్. రెండు గంటల కిందటే తను తెచ్చి నిలిపిన కారది. ఎవరో మోసగాళ్ళ పని అనుకుంటూనే స్టవ్ కట్టేసి మూడంతస్తులూ దిగింది. ఆ గల్ఫ్ నగరంలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని ఆ పాత భవనం వెనక, ఎండలో కాలుతున్న నేల తప్ప ఏమీ లేదు. ఆమె అక్కడే నిలబడిపోయింది. చెప్పులు వేసుకోలేదన్న సంగతి అరికాళ్ళు మండేదాకా తెలియలేదు.

అది మాజ్దా. రెండే సీట్లు, చేతి గేర్లు, వెనక్కి మడిచే పైకప్పు. దేశం విడిచి వెళ్తున్న ఒక టీచరు దగ్గర ఐదేళ్ళ కిందట తన జీతంతో కొనుక్కుంది. ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పే స్కూల్లో ప్రమీల ఇన్‌స్ట్రక్టర్. వారంలో ఆరు రోజులు పక్క సీట్లో, ఇంకొకరి భయానికి తను బ్రేకు వేస్తూ కూర్చునే మనిషికి, శుక్రవారం పొద్దున ఎడారిలోంచి పోయే దుఖాన్ రోడ్డు మీద తన కాలూ తన చెయ్యీ కలిసి గేరు పడినప్పుడు కలిగే సుఖం చెబితే అర్థమయ్యేది కాదు. అర్థమైనవాళ్ళు మొదట్లో పదిహేను మంది ఉండేవారు. నర్సులు, డ్రాఫ్ట్స్‌మెన్, ఒక బేకరీ మనిషి, అందరివీ చిన్న జపాన్ కార్లే. వరసగా వెళ్ళి దుఖాన్‌లో టీ తాగి వచ్చేవారు. ఏటేటా ఆ వరస కురచనైంది. కంపెనీలు అలాంటివి చేయడం తగ్గించాయి, చేసేవి మామూలు జీతానికి అందవు, పాతవాటిని సేకరించుకునే సేఠ్‌లు ఎగరేసుకుపోతున్నారు. షోరూముల నిండా గోడల్లాంటి జీపులే. ఈ ఏడు నలుగురే మిగిలారు, వాళ్ళలో ప్రమీల ఒకతి. మూడుసార్లు టెస్టు తప్పి లైసెన్సు ఊసు మానేసిన భర్త గంగాప్రసాద్‌ను అదే కారులో సైటుకు దింపేది, అతని స్నేహితుల భార్యల్ని ఆసుపత్రికి తిప్పేది, తర్వాత డ్యూటీ, ఆ తర్వాత వంట. "దుబాయ్ పోయి మొగన్ని పక్కన కూసోబెట్టుకొని తిరుగుతాందట" అని, ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే అనుకునే అత్త ఊళ్ళో అన్న మాట ఫోన్లో మూడుసార్లు విన్నది.

ఫసీయుద్దీన్ నజ్మా పేటలో పాత కార్లు అమ్మి కొనే హైదరాబాదీ. ప్రమీల ఫోన్ చేసింది.

"అమ్ముతమని మీ ఫోన్ల నుంచే వచ్చింది గదా అక్కా, నేను ఓకే కొట్టిన. గాడీ ట్రక్కు ఎక్కింది, బయటి దేశం సేఠ్‌కు పోతది. గిసొంటివి ఇప్పుడు దొరుకుతలేవు."

"దించు భాయ్. నేను అమ్మలేదు."

"మీరు వచ్చే నెల ఎగ్జిట్ల ఇండియాకు పోతున్నరట గదా. మీ వీసా క్యాన్సిల్ చేపిస్తున్న అని ప్రసాద్ భాయే చెప్పిండు, తాళం ఇచ్చి పైసలు గూడ తీస్కపోయిండు."

చెబుతున్నది తన గురించేనని ప్రమీలకు వెంటనే తట్టలేదు.

గంగాప్రసాద్ కూరగాయల సంచితో వచ్చి, ఆమె ముఖం చూసి, సంచి కింద పెట్టాడు. "చెప్తామనే అనుకున్న. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఆటలప్పుడు ఈ ఇల్లు కిరాయికిస్తే మస్తు వస్తది, అందరు గదే చేస్తున్రు. నేను మా సైటు దోస్తు సమద్ రూంల ఉంట. నువ్వు జగిత్యాలల అమ్మ దగ్గర ఉండు. టికెట్ అయింది."

"నా డ్యూటీ?"

"ఆడోళ్ళకు బండి నేర్పుడు గూడ ఒక డ్యూటీయేనా?"

"మళ్ళ ఎప్పుడు తెస్తవ్?"

అతను చేతులు కడుక్కుంటూ, గోడతో అన్నట్టు అన్నాడు: "ఐదేండ్లు ఆ పక్క సీట్ల కూసున్న. మా కంపెనీ క్యాంపోళ్ళంత నవ్విన్రు. ఇగ చాలు." ఆ తర్వాత మామూలు గొంతుతో, "చేపలు ఏంచలేదా?"

ప్రమీలకు కోపం రాలేదు. తన ఫోన్ తెరిచే అంకెలు వాళ్ళ పెళ్ళి తేదీ. అతనికి గుర్తుంటుందని తనే పెట్టింది, వాటితోనే తెరిచి కారు అమ్మేశాడు. పన్నెండేళ్ళుగా తను ఇల్లనుకున్నది అతని లెక్కలో గదులు మాత్రమే. తను ఆ గదుల్లో అడ్డంగా ఉన్న సామాను. కారును ముందు తీశాడు, తర్వాత వంతు తనది. చేపలు వేయించింది. ఆ రోజుకు చేతులు అలవాటైన పనే చేశాయి.

మర్నాడు స్కూల్లో, సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ తహెరున్నీసా దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. "నన్ను కంపెనీ వీసా మీదికి తీసుకుంటరా అక్కా?"

"కండ్లకద్దుకొని తీసుకుంటరు, మనుషులే లేరు. మా రూంల ఒక మంచం ఖాళీ ఉంది. ఇంట్ల అడిగినవా?"

"లేదు. కాయితం ఇయ్యి."

గంగాప్రసాద్ మూడు రాత్రులు అరిచాడు, నాలుగో రోజు బతిమాలాడు, చివరికి క్యాంపులో నలుగురికీ తెలుస్తుందని భయపడి, ఆమెను తన వీసా నుంచి వదిలే కాయితం మీద సంతకం పెట్టాడు. ప్రమీల తహెరున్నీసా గదికి మారింది. టికెట్ తేదీన విమానం ఆమె లేకుండానే వెళ్ళింది. అలాంటి కారు ఇంకొకటి ప్రమీల వెతికింది. దొరికినవాటి ధర విని ఫోన్ పెట్టేసింది. శుక్రవారాలు దుఖాన్ రోడ్డు మీద ముగ్గురే వెళ్తున్నారు.

ఆ ఫుట్‌బాల్ టోర్నమెంటుకు నెల ముందు, ఒక మధ్యాహ్నం స్కూలు గేటు దగ్గర గంగాప్రసాద్ కనిపించాడు. చిక్కిపోయాడు, చొక్కా నలిగి ఉంది. ఇల్లు కిరాయికిచ్చేశాడు, తను ఉంటున్న సమద్ గదిలో ఎనిమిది మందట.

"ఇంటికి పోదాం పా" అన్నాడు.

"ఏ ఇంటికి?" అని అడిగింది ప్రమీల.