ఒకటి నొక్కిన గుర్వమ్మ

ఫోన్‌లో గుర్వమ్మ గొంతు వినగానే శోభకు సంగతి అర్థమైపోయింది.

"బిడ్డా, మళ్ల బందయింది."

"స్విచ్ తీసి మళ్ల వెయ్ అవ్వా."

కల్వకుర్తి దగ్గరి ఒక పల్లెలో గుర్వమ్మ డెయిరీ తరఫున పాల కేంద్రం నడుపుతుంది. పాలు తూచి, వెన్న శాతం చూసి, కంప్యూటర్లో ఎక్కించాకే చల్లబరిచే మిషన్‌లో పోయాలి. మధ్యలో కంప్యూటర్ ఆగితే ఎక్కించింది పోతుంది, మళ్లీ మొదటి నుంచి తూచాలి. ఆ కంప్యూటర్ చూసుకునే కంపెనీ ఆఫీసు పాలమూరులో ఉంది. అక్కడ ఫోన్ ఎత్తడం శోభ పని. ఆగిందంటే నడిపించాలి. నడిస్తే ఫిర్యాదు మూసేయాలి. వెంటనే గుర్వమ్మకు మెసేజ్ పోతుంది: పని అయితే ఒకటి నొక్కండి, కాకపోతే రెండు. గుర్వమ్మ ఎప్పుడూ ఒకటే నొక్కుతుంది. మర్నాడు కంప్యూటర్ మళ్లీ ఆగుతుంది. మళ్లీ కొత్త ఫిర్యాదు.

శోభ ఈ మాట మేనేజర్ రఘుపతికి చెప్పింది. "ఆగుడు వేరే సార్, ఆపేది వేరే. మనం లేపుతున్నం గని, ఎందుకు ఆగుతుందో చూస్తలేం."

"లేస్తుంది గదా? ఇంకేం గావాలె?" అన్నాడు రఘుపతి.

ఆదివారం శోభ బస్సెక్కి తానే వెళ్లింది. కేంద్రంలో నిలబడి చూసింది. చల్లబరిచే మిషన్ మోటారు మొదలైంది. ఫ్యాన్ మందగించింది. కంప్యూటర్ ఆరిపోయింది. అన్నిటికీ ఒకటే కరెంటు లైను. బయట జనం పాల క్యాన్లతో ఎండలో నిలబడ్డారు.

"వేరే లైను గుంజాలె," అంది శోభ. "మేం రాసిస్తె డెయిరోళ్లు గుంజుతరు. మావోళ్లు రాయాలంటె పని కాలేదని నువ్వు చెప్పాలె. ఎప్పుడూ ఒకటే ఎందుకు నొక్కుతవవ్వా?"

"నువ్వు గంత ఓపికతోని చెప్తవు. రెండు నొక్కితె నీకు మాట వస్తది గదనే. నౌకరి చేసుకునే పిల్లవు."

"మరి పాలు?"

నిన్న డెయిరీ వాళ్లు వచ్చిపోయారని గుర్వమ్మ చెప్పింది. పాలు విరుగుతున్నాయని కేంద్రం ఎత్తేస్తారట. కంప్యూటర్ వల్ల ఆలస్యమవుతోందని ఈమె అంటే, పని అయిందని ప్రతిసారీ నువ్వే ఒప్పుకున్నావు కదా అన్నారట. క్యాన్లు సరిగ్గా కడగడం లేదని తేల్చారట.

శోభకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

"ఈసారి రెండు నొక్కు," అంది. "మాట వస్తె నేను పడత."

సోమవారం పొద్దున కంప్యూటర్ ఆగింది. శోభ లేపించి ఫిర్యాదు మూసింది. కాసేపటికి అది తిరిగొచ్చి తెర మీద ఎర్రగా కనిపించింది.

"శోభా! రెండెవరు నొక్కిండ్రు?" కేబిన్‌లోంచి రఘుపతి కేకేశాడు.

"గుర్వమ్మ సార్. నేనే నొక్కమన్న."

"దిమాక్ ఖరాబయిందా? మొన్ననే ఫిర్యాదులు మూసుట్ల మన ఆఫీసు ఫస్టని ఫొటో దిగినం. ఫోన్ చేసి ఒకటి నొక్కమను."

"చెయ్య సార్. లైను కోసం డెయిరీకి రాయుండ్రి."

"కరెంటు మన పని గాదు."

"మరి రోజూ లేపుడేనా మన పని?"

రఘుపతి కుర్చీలోంచి లేచి బయటికి వచ్చాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"నీకేం మాట రాలే గద బిడ్డా?" గుర్వమ్మ అడిగింది. "వస్తె చెప్పు, ఇప్పుడే ఒకటి నొక్కుత."

రఘుపతి బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏం రాలేదవ్వా," అంది శోభ. "రేపు ఆగితె గూడ రెండే నొక్కు."