ఊదని దిండు

గోనెపట్టా రెండు చుట్లు తిప్పి, విల్లు కొసన కొబ్బరితాడుతో ముడి వేశాడు మదారు సాయిబు. దూదేకే విల్లు అది. నించోబెడితే మదారు కంటే జానెడు ఎత్తు. దాని నారి మేకనరంతో పేనింది. చుక్క తడి తగిలిందా, అలిగిన అల్లుడిలా ఇక మాట వినదు. భాద్రపదం ముసురు వదలకుండా పట్టుకుంది. అంచేత ముందు విల్లుకి గోనె తొడిగి, ఆ తరవాతే తన నెత్తిన తాటాకు గొడుగు పెట్టుకున్నాడు.

దగ్గు తెర వచ్చింది. గుంజ పట్టుకుని అది పోయేదాకా నించున్నాడు. ఊళ్ళో వాళ్ళ పరుపుల దుమ్మంతా పీల్చిన ఛాతీ, ఊరుకుంటుందా? సన్నటి మనిషి. విల్లు మోసీ మోసీ కుడి భుజం కిందికి జారింది. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి నూగు ఉండేది. అది దూదో నెరుపో భార్య బీబమ్మకే తెలియదు.

"ఇయ్యాళ మానెయ్యకూడదా అండి?" అంది బీబమ్మ, చద్దిమూట అందిస్తూ. "ఊరంతా అదో మాదిరిగా ఉంది."

"మాటిచ్చేనే. భూలక్ష్మి కూతురికి దిండు. వీరాయమ్మ చెల్లి నా కోసం చూస్తా ఉంటాది."

బీబమ్మ చద్దిమూట అతని భుజాన తగిలించింది. ఆవిడకి తెలుసు, ఆ ఇంటి మాట మదారుకి ఎంతో.

వీరాయమ్మది వైనతేయం అవతలి ఒడ్డున లంక ఊరు. ఆవిడకి వరసగా ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. నాలుగోది భూలక్ష్మి కడుపున పడ్డప్పుడు ఎవరో చెప్పారు, సాయిబు చేత ఊదించిన దిండు వెయ్యమని. మదారు దూది ఏకి, సంచీలో కూరి, ఆఖరి మూల కుట్టబోయే ముందు నోరు దగ్గర పెట్టి బిస్మిల్లా అనుకుని మూడుసార్లు ఊదాడు. పిల్ల నిలిచింది. ఊదినందుకు నిలిచిందో, నిలిచే పిల్లే నిలిచిందో మదారుకి తెలియదు, వీరాయమ్మకీ తెలియదు. ఆ రోజు నుంచి మాత్రం అతను ఆవిడకి సాయిబన్నయ్య. చుట్టుపక్కల ఏ తల్లయినా, "ఊదకుండా కుట్టెయ్యకు సాయిబూ," అనకుండా దిండు కుట్టించుకునేది కాదు. పేదవాడికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది చెప్పండి? మదారుకి ఉన్న ఆస్తి కూడా అదే, ఆ మూడు ఊపిర్లు.

అది నైజాం రాజ్యంలో రజాకార్ల గొడవ ముదిరిన ఏడు. అక్కణ్ణించి పారిపోయి వచ్చినవాళ్ళు చెప్పిన సంగతులు నిజమైనవే, ఘోరమైనవే. అయితే ఆ సంగతులు గోదావరి దాటి వచ్చాక వాటికో ముఖం కావలసి వచ్చింది. దగ్గరలో ఉన్న ముఖం మదారుది. పాపం, అతను ఇంగ్లండు చూశాడు గానీ హైదరాబాదు చూడలేదు.

రేవులో పడవ నిండుతోంది. నది ఎర్రగా, చిక్కగా పారుతోంది. పడవవాడు పోలిరాజు గెడ పట్టుకుని అడ్డంగా నించున్నాడు. వాడి పెళ్ళిపరుపు మదారు ఏకిందే.

"సాయిబుగారూ, ఏవనుకోకండేం. ఆ గోనెలో ఏవుందో ఓపాలి ఇప్పి చూపించండి. అందరివీ చూస్తన్నాం."

అందరివీ చూడటం లేదు. చేపలబుట్టతో చిట్టెమ్మ వాడి పక్కనించే ఎక్కి కూర్చుంది.

"కత్తులూ అయ్యీ ఏం లేవు గదండీ?" అన్నాడు పోలిరాజు, నేల చూస్తూ.

"నో నైఫ్," అంది మదారు నోరు.

అతను అనలేదు, నోరే అంది. పడవలో ఎవరో నవ్వారు. మదారు కూడా నవ్వి, ముసురులో కూర్చుని ముడి విప్పాడు. వాళ్ళందరూ విల్లుని చూశారు, పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ చూస్తున్న విల్లునే. నారి తడిసిపోయింది.

పడవ కదిలాక విల్లుకి మళ్ళీ గోనె చుట్టాడు. ఆ రెండు ఇంగ్లీషు ముక్కలూ తనలో ఇంకా బతికి ఉన్నాయని అతను అనుకోలేదు.

యుద్ధం రోజుల్లో గుడ్డకి కరువొచ్చింది. పరుపు కుట్టించుకునే నాథుడు లేక, కాకినాడ వెళ్ళి ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరాడు మదారు. ఓడ దెబ్బతిని ఇంగ్లండులో ఒక రేవు ఊళ్ళో ఆగిపోయింది. అక్కడో ముసలి దొరసాని ఇంట్లో చలికాలమంతా ఉన్నాడు. తోటివాళ్ళు ముందుగా బ్రెడ్డనీ టీ అనీ నేర్చుకుంటే ఇతను నేర్చుకున్నది "నో నైఫ్". గడప దాటిన ప్రతిసారీ ఆవిడ అదే అడిగేది. తురకవాడి దగ్గర కత్తి ఉండి తీరుతుందని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. సినిమాలో చూశారట, ఒంటెల మీద కత్తులు తిప్పుకుంటూ వస్తారట. మదారు ఊరు అల్లవరంలో ఒంటె మొహం చూసినవాడెవడండీ? ఎంతమంది పెళ్ళాలని వీధిలో ఆపి అడిగేవారు. ఉన్న ఒక్క బీబమ్మకే చీర కొనలేక ఓడెక్కిన మనిషిని!

ఆవిడ తలగడ గడ్డకట్టి రాయిలా ఉండేది. అది చూసి అతని ప్రాణం ఒప్పలేదు. ఏకి పెడతానని చెప్పాలి, మాట రాదు. ఎడంచేత్తో విల్లు పట్టినట్టు, కుడిచేత్తో నారి కొట్టినట్టు చేసి చూపించాడు. ఆవిడ ఏమనుకుందో ఏమో, మొహం పాలిపోయి వెనక్కి వెనక్కి నడిచి తలుపేసుకుంది. తిట్టినా బాగుండును. అసహ్యాన్ని భరించవచ్చు. తనని చూసి ఒక ఆడమనిషి జడుసుకోవడం ఉందే, అది మనిషిని లోపల్నించి తినేస్తుంది. ఇంటికొచ్చాక ఇదంతా బీబమ్మకి నవ్వుతూనే చెప్పాడు. "ఆళ్ళు మనల్ని ఎరగరే. ఎరిగుంటే అలా చూడరు," అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ నిద్రపోయాడు.

వీరాయమ్మ వాకిట్లో అడుగు పెట్టేసరికి పొద్దెక్కింది. అరుగు మీద అల్లుడు మాణిక్యాలరావు పేపరు చదువుతున్నాడు. పేపరు పైనించి ఒకసారి చూసి, మళ్ళీ తల దింపుకున్నాడు.

"నారి తడిసింది చెల్లెమ్మా. కాస్త నిప్పులుంటే కాచుకుంటాను."

వీరాయమ్మ కుంపటి తెచ్చి, చేతికివ్వకుండా గడప పక్కన పెట్టింది.

"అక్కడ పెట్టేనండి సాయిబుగారూ. మీరు కాచుకోండి."

మదారు తలెత్తాడు. గారు ఎక్కణ్ణించి వచ్చింది? పద్ధెనిమిదేళ్ళుగా అన్నయ్యా, నువ్వు, తిన్నావా, దగ్గు తగ్గిందా అన్న మనిషి. మన వైపు గారు అంటే మర్యాదే, కాదనను. కానీ ఆ రోజు అది వాకిలికి అడ్డంగా వేసిన గెడ. కుంపటి మీద వంగి నారి కాచాడు. కళ్ళల్లోకి పొగ వచ్చింది, అదీ మంచిదే అయింది.

నారి బిగిసేసరికి మధ్యాహ్నం దాటింది. సావట్లో విల్లు వేలాడగట్టి కొయ్యతో కొట్టాడు. డుంయ్... డుంయ్... గడ్డ గడ్డగా ఉన్న దూది విడివిడి పింజలై లేచింది. లోపల గుక్కపట్టి ఏడుస్తున్న పసిది ఆ మోతకి ఆగిపోయింది. భూలక్ష్మి పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది.

"సాయిబు మావయ్యా, నీ మోత ఇంటంది చూడు," అంది నవ్వుతూ.

పసిది గుప్పిళ్ళు బిగించుకుని దూలం వేపు చూస్తోంది. మదారు కొయ్య ఆపి, మొహమంతా నవ్వుతో వంగాడు.

"భూలక్ష్మీ, ఈదరగాలి. లోపలికి రా," అంది వీరాయమ్మ గొంతు. భూలక్ష్మి వెళ్ళిపోయింది. మదారు వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండి, మళ్ళీ కొయ్య అందుకున్నాడు.

అయినా ఆశ పోలేదు. దిండు ఉంది కదా. మూల కుట్టే వేళకి ఆవిడే వస్తుంది, ఎప్పుడూ అనే మాటే అంటుంది. అంటే చాలు, పొద్దుట్నించీ జరిగిందంతా కొట్టుకుపోతుంది. దిండు కోసం కాదు, కూలి కోసం కాదు, ఆ ఒక్క మాట కోసం అతను ఆ పూట పని చేశాడు. పరుపులకి వాడే ఎర్ర సాలు గుడ్డతో చిన్న సంచీ కుట్టి, మెత్తటి దూది ఏరి ఏరి కూరాడు. మూడు మూలలూ అయ్యాయి. నాలుగోది నాలుగు వేళ్ళ సందు ఉంచి, నోటి దగ్గరికి తెచ్చుకుని ఊపిరి తీశాడు.

"సాయిబుగారూ."

వీరాయమ్మ గుమ్మంలో నించుంది. అరుగు వేపు ఒకసారి చూసింది. ఆవిడ మొహంలో కోపం లేదు. కోపమైతే బాగుండును. అది ఆ దొరసాని మొహం.

"ఈసారి... ఊదకండి. ఉత్తినే కుట్టెయ్యండి. అల్లుడుగారు..."

"అలాగేనండి అమ్మగారూ," అన్నాడు మదారు.

తీసిన ఊపిరిని ఏం చెయ్యాలో తెలియలేదు. మింగేశాడు. అది దగ్గయి, దగ్గు తెరలయి, రెండు చేతులతో నేల పట్టుకుని కూర్చున్నాడు. తనని ఎరగనివాళ్ళే అలా చూస్తారనుకున్నాడు. ఎరిగినవాళ్ళు చూసినా అచ్చం అలాగే ఉంది. ఇప్పుడు బీబమ్మకి ఏమని చెప్పాలి?

దిండుకి సూది గుచ్చి, సావట్లో పెట్టి లేచాడు.

"వెలుతురు పోయిందండి. ఆ మూల రేపొచ్చి కుట్టేస్తాను."

వెలుతురు ఇంకా ఉంది. ఒక మూల కుట్టడానికి ఎంతసేపు? అయినా కుట్టడానికి చెయ్యి రాలేదు. రాత్రికి ఆవిడ మనసు మారుతుందేమో, పొద్దున్నే "అన్నయ్యా, ఊదు" అంటుందేమో. కుట్టేస్తే ఇక ఆ దారి లేదు. సందేళ రేవుకి నడిచాడు.

పోలిరాజు చెయ్యి పట్టి ఎక్కించి, పడవ మధ్య మంచి చోటు చూపించాడు.

"సాయిబుగారూ, పొద్దున్న..."

"ఫర్లేదు నాయనా. నీ పని నువ్వు చేసేవు."

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. గోనె చుట్టిన విల్లుని ఒళ్ళో నిలబెట్టుకుని తల దానికి ఆనించాడు. నడినదిలో గాలి ఎక్కువై, ఎవరూ ముట్టకుండానే గోనె లోపల నారి సన్నగా మోగింది. చిట్టెమ్మ ఖాళీబుట్ట పక్కన పెట్టి, అటు చూసి, కొంగు కప్పుకుంది.

ఒడ్డుకి తగిలాక అందరూ దిగారు.

"రేవొచ్చిందండి, సాయిబుగారూ," అన్నాడు పోలిరాజు. కాసేపాగి మళ్ళీ అన్నాడు. దగ్గరికొచ్చి భుజం ముట్టుకున్నాడు. కనుబొమల మీది నూగు ఒక్కటే గాలికి కదులుతోంది. వాడు గెడ పడేసి, "ఓరి నాయనో," అని పక్కన కూలబడ్డాడు.

కబురు మర్నాడు లంకకి చేరింది. వీరాయమ్మ విని, సావట్లోకి వెళ్ళి దిండు ఒళ్ళో పెట్టుకుంది. అరుగు వేపు చూడలేదు. ఆ సందు దగ్గర నోరు పెట్టింది. పద్ధెనిమిదేళ్ళుగా ఊదించుకుంది గానీ, ఊదే ముందు అతను పెదాల మీదే ఏమనుకునేవాడో ఏనాడూ అడగలేదు. "అన్నయ్యా," అంది. ఊదలేక దిండు కింద పెట్టేసింది.

లోపల పసిది ఏడుస్తూనే ఉంది. ఎర్ర సాలు గుడ్డ దిండు సావట్లో అలాగే ఉండిపోయింది, ఒక మూల నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని, దాని పక్కనే గుచ్చిన సూదికి తెల్లదారం వేలాడుతూ.