తెరకు వీపు పెట్టి

"ముఖాలు చూడ్డానిక్కూడా జీతాలిస్తారన్నమాట!" అని భర్త మొదటిసారి అన్నప్పుడు ఆమె కూడా నవ్వింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాట అది. ఆ తర్వాత చుట్టాలొచ్చినా, స్నేహితులొచ్చినా, కింది వాటాలో కొత్తవాళ్ళు దిగినా ఆయన అదే అంటూ వచ్చాడు. విన్నవాళ్ళు నవ్వుతూ వచ్చారు. ఆమె మాత్రం ఎప్పుడో మానేసింది. ఈ ఆదివారం పొద్దున ఆమె ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుంటే మళ్ళీ మొదలెట్టాడు. "ఇవాళ మా ముఖాలు కూడా చూస్తావన్నమాట. ఇంట్లో రోజూ ఊరికే చూసేవేగా!" కాలర్ తిరగేసి రెండోవైపు రుద్దుతూ ఆమె "ఆఁ" అంది. నిజానికి ఆయన ముఖాన్ని తీరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలీదు. పొద్దున గడియారాన్ని చూస్తుంది, పొయ్యిని చూస్తుంది. రాత్రి ఆయన కంచంలో ఏం తక్కువైందో చూస్తుంది. కంచం చూస్తే సరిపోయేది, ముఖం దాకా వెళ్ళే అవసరం రాలేదు.

ఆమె పని అంత వింతేమీ కాదు. సినిమా విడుదల కాకముందు తీసినవాళ్ళు ఓ హాలు నిండా జనాన్ని పిలిచి ఉత్తినే చూపిస్తారు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఇబ్బందిగా కదిలారో, ఎక్కడ కళ్ళు తుడుచుకున్నారో గమనించి చెప్పమని ఆమె పనిచేసే చిన్న కంపెనీకి అప్పజెబుతారు. తెర కింద ఓ మూల పొట్టి స్టూలు వేసుకుని, తెరకు వీపు పెట్టి, జనానికి ఎదురుగా ఆమె కూర్చుంటుంది. రెండో మూల ఇంకొకావిడ. ఒళ్ళో గుర్తులు పెట్టుకునే అట్ట, దానికి గుచ్చిన బుల్లి దీపం. ఒక్కటే నియమం, ఏం జరిగినా వెనక్కి తిరగకూడదు. తిరిగితే ముందు వరసలవాళ్ళకి ఆమె ఉందన్న సంగతి గుర్తొస్తుంది. ఆ తర్వాత వాళ్ళు నవ్వినా ఏడ్చినా నమ్మడానికి లేదు. అంచేత ఆమె బోలెడు సినిమాలు విన్నదే గానీ ఒక్కటీ చూడలేదు. "మా ఇంటావిడ రోజూ సినిమాకెళ్తుంది, కథ మాత్రం అడక్కండి" అన్నది ఆయన రెండో జోకు.

ముఖాలు చూసి చూసి ఆమెకి కొన్ని సంగతులు పట్టుబడ్డాయి. మగవాళ్ళు విసుగొస్తే ఆవలిస్తారు, ఫోను తీస్తారు, పక్కవాడితో గుసగుసలాడతారు. ఆడవాళ్ళు అలా కాదు, వాళ్ళు పని వెతుక్కుంటారు. పిల్లాడి గుండీ పెడతారు, హ్యాండ్‌బ్యాగు తెరిచి అందులో ఉన్నవన్నీ మళ్ళీ సర్దుతారు, పక్కన కూర్చున్నాయనకి అడక్కుండానే నీళ్ళ సీసా మూత తీసి అందిస్తారు. ఈ మాట చెబితే మేనేజరు మొదట్లో నమ్మలేదు గానీ తర్వాత తన తల్లిని తీసుకొచ్చి కూర్చోబెట్టి చూసి ఒప్పుకున్నాడు.

ఆ మేనేజరే పోయిన వారం ఆమెని పిలిచి, ఈ కొత్త సినిమాతో పాటు ఊరూరా తిరగాలి, ప్రతిచోటా కొత్తవాళ్ళకి పని నేర్పాలి, రెండు నెలలు పడుతుంది, వెళ్తారా మేడం అని అడిగాడు. సోమవారం కల్లా చెప్పమన్నాడు. ఆమెకి గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, మేనేజరుకి వినబడుతుందేమోనని ఫైలు ఎత్తి గుండెకి అడ్డం పెట్టుకుంది. వెళ్ళాలని ఉంది. ఎవరికీ చెప్పలేనంతగా ఉంది. ఇంటికొచ్చి మెల్లిగా ఆ మాట చెవిన వేస్తే ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అన్నాడు. ఇంట గెలవడమంటే ఎవరి మీద గెలవాలో మాత్రం చెప్పలేదు. అత్తగారు పక్కగదిలోంచి, "నువ్వు లేకపోతే వాడికి మేజోళ్ళెక్కడున్నాయో కూడా తెలీదమ్మా" అన్నారు, కొడుక్కొచ్చిన బిరుదు చదువుతున్నట్టు. చివరికి ఆయన "చూద్దాంలే" అన్నాడు. ఆ ఇంట్లో "చూద్దాంలే" అంటే ఏమిటో పెళ్ళయిన ఆర్నెల్లకే ఆమెకి తెలిసిపోయింది. పుట్టింటికి వెళ్ళొస్తానన్నప్పుడు చూద్దాంలే, పైచదువు పరీక్షకి కడతానన్నప్పుడు చూద్దాంలే. అలా చూస్తూ చూస్తూనే అమ్మాయి కాలేజీకొచ్చేసింది.

సినిమా ఒక మహానుభావుడి జీవితకథ. పొంగే నది మీద ఎవరూ కట్టలేరన్న వంతెన కట్టిన ఇంజనీరట. హాల్లో కూర్చున్న పెద్దపెద్దవాళ్ళు ముందే ముఖాలు గంభీరంగా పెట్టుకుని వచ్చారు, గుడికో బడికో వచ్చినట్టు. చరిత్ర అనేసరికి మనవాళ్ళు సీట్లో నిటారుగా కూర్చుంటారు. కంపెనీవాళ్ళకిచ్చే పాసుల మీద ఆయన, అత్తగారు, అమ్మాయి వచ్చి నాలుగో వరసలో కూర్చున్నారు. సరిగ్గా ఆమె చూడాల్సిన వైపే.

సగం దాకా అంతా మామూలుగానే నడిచింది. వంతెనాయన ఉపన్యాసాలకి మగవాళ్ళు తలలూపారు. వరద సీనులో అందరూ కుర్చీ చేతులు పట్టుకున్నారు. వంతెనాయన భార్య గొంతు మాత్రం అప్పుడప్పుడు వినబడేది. "భోంచేసి వెళ్ళండి" అనేది, "పిల్లలు మిమ్మల్ని అడుగుతున్నారు" అనేది, "నాకేం పర్లేదు, మీరు వెళ్ళండి" అనేది. తర్వాత దగ్గు మొదలైంది. ఆ దగ్గు వినబడ్డప్పుడల్లా హాల్లో ఆడవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బ్యాగులు తెరిచారు.

ఇక చివర్లో, వంతెన పూర్తయ్యే రోజున, ఎవరో పరిగెత్తుకొచ్చి, "అయ్యా, అమ్మగారు పోయారు" అన్నారు. సంగీతం ఆగిపోయింది. చాలాసేపటికి వంతెనాయన గొంతు వచ్చింది. "మిగిలిన ఆ ఒక్క దూలం ఎత్తండి. ఇంటికి తర్వాత వెళ్తాను."

ఆమె అప్పుడు నాలుగో వరస చూసింది. ఆయన ఏడుస్తున్నాడు. కళ్ళజోడు తీసేసి, పెదవులు వణుకుతుంటే, దాచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆ ముఖం ఎన్నడూ చూడలేదు. ఆమె తల్లి పోయినప్పుడు ఆయన, "పెద్దవాళ్ళు పోక తప్పదుగా" అని, మర్నాడే ఆఫీసులో ముఖ్యమైన మీటింగుందని వెళ్ళిపోయాడు. ఆమెకి గర్భసంచి తీసేసినప్పుడు సాయంత్రం వచ్చి, మంచం పక్కన నిలబడి డాక్టర్ని, "వంటా అదీ ఎప్పట్నించి చేసుకోవచ్చండీ?" అని అడిగాడు. అడిగి ఆమె వైపు తిరిగి చిన్నగా నవ్వాడు కూడా, తన తరఫున మంచి ప్రశ్న అడిగినందుకు. కన్నీళ్ళే లేని మనిషనుకుని ఆమె సరిపెట్టుకుంది. ఉన్నాయి. బకెట్లకొద్దీ ఉన్నాయి. ఆమెకి ఒళ్ళు మండింది, దాంతోపాటే సిగ్గులేకుండా ఈర్ష్య కూడా పుట్టింది. తెర మీద దగ్గి దగ్గి పోయిన ఆ మనిషి మీద ఈర్ష్య. ఆవిడలో ఏముందో చూడాలనిపించింది.

నియమం మరిచిపోయి ఆమె వెనక్కి తిరిగింది.

తెరంతా వంతెనాయన ముఖమే ఉంది. గోడంత ముఖం, గడ్డం మీద చినుకులు, కంటి కొనలో ఒక్క చుక్క. ఆ భార్య ఎక్కడా లేదు. శవంగా కూడా లేదు. ఆమె ఎంత వెతికినా వెనకాల దూలాలు, తాళ్ళు, మేఘాలే కనబడ్డాయి. భర్త ఏడ్చింది ఆవిడ కోసం కాదు. భార్య పోయిన మగవాడు ఎంత గొప్పగా కనబడతాడో చూసి ఏడ్చాడు. అప్పుడు దూలం పైకి లేచింది. ఆమె వెనకాల హాలంతా చప్పట్లతో మోగిపోయింది. తిరిగి చూస్తే నాలుగో వరసలో ఆయన లేచి నిలబడి, చేతులు పైకెత్తి మరీ కొడుతున్నాడు. అమ్మాయి ఫోనులో టైము చూసుకుంటోంది. అత్తగారు చప్పట్లు కొట్టడం లేదు, ఏడవడం లేదు. కొడుకు ముఖంలోకి, తెలిసినవాడో కాదో పోల్చుకోలేనట్టు చూస్తున్నారు.

హాలు ఖాళీ అయ్యాక మేనేజరు అట్ట తిరగేసి చూసి, "ఆఖరి సీను దగ్గర మీవేం గుర్తుల్లేవేంటి మేడం?" అన్నాడు. సాకు చెబితే సరిపోయేది. దీపం ఆరిపోయిందంటే నమ్మేవాడు. ఆమె మాత్రం, "వెనక్కి తిరిగానండీ" అంది. అని, ఊళ్ళకెళ్ళే అవకాశం పోయినట్టేననుకుని నేల చూపులు చూసింది. మేనేజరు అట్ట పక్కన పెట్టాడు. "ముందు వరసలో చూశారా మిమ్మల్ని?" అన్నాడు. "ఒకావిడ చూసింది. ఆవిడ అప్పటికి బ్యాగు సర్దుకుంటోంది" అంది. అతనికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "ఇంకోసారి జరిగితే నేను మిమ్మల్ని పంపలేను. రేపు పదింటికల్లా సంగతి చెప్పండి. మీరు కాదంటే రెండో మూల కూర్చున్నావిణ్ణి అడుగుతాను." అంటే తలుపు మూసుకోలేదు. ఇక ఆమె పుణ్యం, ఆమె పాపం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన మాటలకి అడ్డూ ఆపూ లేకపోయింది. ఆమె వడ్డిస్తోంది, ఆయన సినిమా వడ్డిస్తున్నాడు. "మనిషంటే అదీ! పెళ్ళాం పోయిందని తెలిసీ పని ఆపలేదు. అలాంటివాళ్ళే చరిత్రలో నిలబడతారు."

"ఫొటోగ్రఫీ బావుంది నాన్నా. మిగతాదంతా సాగదీశారు" అంది అమ్మాయి.

"నీకు తెలీదులే. అసలు ఆ ఇల్లాలిని చూడు, ఒక్కసారైనా వెళ్ళొద్దని అన్నదా? సగం వంతెన ఆవిడే కట్టిందంటాను నేను." అని ఉదారంగా ఆమె వైపు చూశాడు, ఆ సగంలో ఆమెకీ కాస్త వాటా పెడుతున్నట్టు.

మజ్జిగ తాగుతున్న అత్తగారు, "నువ్వెందుకురా అంతలా ఏడ్చావు?" అన్నారు.

"పాపం, ఆయన త్యాగం చూసి..."

"మీ నాన్న కూడా వెళ్ళాడు, నేను నీతో నొప్పులు పడుతుంటే. ఏ వంతెనా కట్టడానిక్కాదు, పేకాటకి." అత్తగారు మజ్జిగ గ్లాసు దూరంగా జరిపారు. "వెళ్ళడం మాత్రం అచ్చం అలాగే వెళ్ళాడు, వెనక్కి తిరిగి చూడకుండా. అప్పుడెవరూ చప్పట్లు కొట్టలేదు."

అమ్మాయి పకపకా నవ్వి, నానమ్మ ముఖం చూసి సగంలో ఆపేసింది. ఆయనకి మింగలేక కక్కలేక అయింది. "దానికీ దీనికీ పోలికేంటమ్మా?" అని గొణిగి కంచంలోకి చూసుకున్నాడు. కూర కావాలన్నట్టు గిన్నె వైపు వేలు చూపించాడు.

ఆమె గిన్నె ఆయన ముందుకి జరిపి, గరిటె అందులోనే వదిలేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. తన కంచంలో తనే వడ్డించుకుంది. అందరితో పాటు కూర్చుని తినడం ఆ ఇంట్లో కొత్త. నిషేధమేమీ లేదు, కుదరలేదంతే. ఒక ముద్ద తిన్నాక, "రేపు మేనేజరుకి వస్తానని చెప్పేస్తున్నాను" అంది.

"ఎక్కడికి?"

"ఊళ్ళకి. రెండు నెలలు."

"చూద్దాంలే అన్నానుగా."

"చూశాను. ఇవాళ హాల్లో మిమ్మల్ని బాగా చూశాను."

ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అమ్మవైపు చూశాడు. ఆవిడ మేజోళ్ళ మాట ఎత్తుతారని ఆమె కూడా అనుకుంది గానీ, ఆవిడ తలొంచుకుని తింటున్నారు. "మరి ఇల్లో? మేమో? ఇంతమందిని గాలికొదిలేసి ఎలా వెళ్తావ్?" అన్నాడు ఆయన.

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది.

"ఆయన భార్య పోయినా పనికెళ్తే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను మీరంతా నిక్షేపంలా ఉండగానే వెళ్తున్నాను. కూర్చునే ఉండండి."