ప్రాక్టికల్ పరీక్షకి చేతులు రాలేదు

నా చేతులు ఇంకా కాలేజీకి రాలేదు. మిగతా నేనంతా వచ్చేశాను. తెల్లకోటు వేసుకుని కెమిస్ట్రీ ల్యాబ్‌లో నిలబడి ఉన్నాను. కోటు చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి.

ఇవాళ ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్ష. ఇది పోతే డిగ్రీ పోయినట్టే.

మా లోకనాథం సార్ ఛాతీ వరకే వచ్చారు. ఆన్‌లైన్ క్లాసులు జరిగిన రెండేళ్ళూ ఫోన్‌లో మాకు కనిపించింది అంతే కదా. టేబుల్ పైన గాలిలో నిలబడి హాజరు వేస్తున్నారు.

"చేతులేవమ్మా భానుజా?"

"ఆన్‌లైన్ ల్యాబ్‌లోనే ఉండిపోయాయి సార్. ఎంత పిలిచినా రావట్లేదు."

"నెట్ స్లోగా ఉందేమో. ఆగు."

ఆగాలట! ఆయనదేం పోయింది? ఫోన్ నా ఎదురుగా బెంచీ మీద ఉంది. లోపల నా చేతులు రంగు మారేదాకా చుక్కచుక్కా వదులుతూ హాయిగా టైట్రేషన్ చేసుకుంటున్నాయి. చుక్క ఎక్కువ పడితే రీసెట్ నొక్కి మళ్ళీ మొదలుపెడుతున్నాయి. నాకు ఒళ్ళు మండుతోంది. "ఒసేయ్, రండే!" అంటూ ముక్కుతో తెరని పొడుస్తున్నాను. అవి నన్ను మ్యూట్‌లో పెడుతున్నాయి.

వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా వైపు నడుస్తున్నాడు. ఆయన నడిచేకొద్దీ ల్యాబ్ పొడుగవుతోంది, అయినా నా దగ్గరికే వస్తున్నాడు. ఇక లాభం లేదని బ్యూరెట్ గాజుగొట్టం కుళాయిని పళ్ళతో పట్టుకుంటున్నాను. ఎటు తిప్పాలో తెలియడం లేదు. నాకొచ్చిందల్లా నొక్కడమే.

"ఏటే, కుళాయి కొరికేస్తన్నావ్?" అంటోంది మా క్లాసు సుందరి.

సుందరిది కొండమీద ఊరు. అక్కడ సిగ్నల్ లేదు, ఒక్క క్లాసూ వినలేదు. అందుకే దాని చేతులు దానికే ఉన్నాయి. కాకపోతే హాజరు సున్నా కాబట్టి సార్లకి అది కనిపించదు. పొద్దుట్నుంచీ లోకనాథం సార్ ముందు నిలబడి అరుస్తోంది. ఆయన ఫ్యాను చప్పుడనుకుంటున్నారు.

"నా చేతులు తీసుకోయే," అంటోంది. "నీదయ్యాక నేనూ ఉన్నానని ఆ ఎగ్జామినర్‌కి చెప్పు. ఒట్టేనా?"

"ఒట్టు."

అది నా వెనక నిలబడి, నా కోటు చేతుల్లోకి తన చేతులు దూరుస్తోంది. చంటి తమ్ముడికి మందు చుక్కలు వేసిన చేతులవి. కుళాయిని ఇంతే ఇంత తిప్పుతున్నాయి, కింద గాజుకుప్పెని గుండ్రంగా ఊపుతున్నాయి. ఒక్క చుక్కకి నీళ్ళలాంటి ద్రావణం లేత గులాబీ రంగుకి తిరుగుతోంది. అబ్బ, ఎంత బాగుందో! ఈ రంగుని ఎదురుగా చూడటం నాకు ఇదే మొదలు.

"చేతులు బాగున్నాయి. పాస్," అంటున్నాడు ఎగ్జామినర్.

"సార్, ఇక్కడ సుందరి కూడా ఉంది. దాని పరీక్ష కూడా చూడండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

పేరు చెప్పాను కాబట్టి ఇప్పుడు ఆయనకి సుందరి కనిపిస్తోంది. దాన్ని కిందనుంచి పైకి చూస్తున్నాడు. దాని భుజాలు నున్నగా ఉన్నాయి. చేతులు నాకు అతుక్కుపోయాయి.

"చేతుల్లేకుండా ప్రాక్టికల్‌కి ఎలా వచ్చావమ్మా?" అని అడుగుతున్నాడు.

"అవి దానివే సార్!" అని అరుస్తున్నాను.

"పాసైన చేతులు మార్చడానికి వీల్లేదమ్మా," అంటున్నారు లోకనాథం సార్, ఎంతో జాలిగా.

"భానూ, నా చేతులు ఇచ్చెయ్యవే," అంటోంది సుందరి.

పీకుతున్నాను. పళ్ళతో లాగుతున్నాను. తలుపు సందులో పెట్టి గుంజుతున్నాను. రావడం లేదు. నేనేం చెయ్యనురా దేవుడా! ఎగ్జామినర్ పక్క బెంచీకి వెళ్ళిపోతున్నాడు.

సుందరి ఏడుస్తోంది. తుడుచుకుందామంటే దానికి చేతుల్లేవు. నేనే తుడుస్తున్నాను, దాని చేతులతోనే. తుడిచేకొద్దీ దాని చెంప వెడల్పవుతోంది. మొదట బెంచీ అంత అవుతోంది, తర్వాత ల్యాబ్ అంత. గోడలు పక్కకి జరిగి దానికి చోటిస్తున్నాయి. నేను ఆ చెంప మీద మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులతో నీళ్ళు తోస్తున్నాను. కన్ను ఏ దిక్కున ఉందో తెలియడం లేదు. నీళ్ళు మాత్రం వెచ్చగా వస్తూనే ఉన్నాయి.