శుక్రవారం సాంబ్రాణి

కరీంనగర్ బస్టాండు దగ్గరి మూడంతస్తుల కాంప్లెక్సులో పాత ఫైర్ అలారం పీకి కొత్తది పెట్టడానికొచ్చిన కొండల్‌కు నాలుగు రోజుల్లోనే తల ప్రాణం తోకకొచ్చింది. వైర్లు లాగడం ఏం కష్టం? కష్టమంతా మనుషులతోనే. పొగను పసిగట్టే డిటెక్టర్‌ను పొద్దున సీలింగుకు బిగించి పోతే, సాయంత్రానికి దానికి పాలిథిన్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి ఉండేది.

“ఊదు ఎయ్యంగనే మొత్తుకుంటది తమ్మీ,” అన్నాడు కింది అంతస్తులో చీరల దుకాణం నడిపే సదానందం. “శుక్రవారం సాంబ్రాణి ఎయ్యకుంట ఎట్లుంటం?”

“ఎయ్యుండ్రి సేటు, ఎవలొద్దన్నరు? జర కిటికి కాడ ఎయ్యుండ్రి. కవరు మాత్రం తొడగకుండ్రి.”

పాత పెట్టె పొగ ఎక్కడుందో చెప్పేది కాదు, గంట మోగించేది, అంతే. మోగినప్పుడల్లా కాంప్లెక్సు ఊడ్చే బుచ్చవ్వ పోయి చీపురు కొసతో బటన్ నొక్కి ఆపేసేది. పన్నెండేళ్లుగా అది ఆమె డ్యూటీ. కొత్త ప్యానెల్ అయితే గది పేరుతో సహా చూపిస్తుంది. కొండల్ ఈ పని పట్టుబట్టి తీసుకున్నది అందుకే. మూడో అంతస్తులో అతని భార్య వనజ కుట్టుపని నేర్పుతుంది. ఇరవై మంది ఆడవాళ్లు, గుట్టలకొద్దీ గుడ్డలు, దిగడానికి ఒక్కటే మెట్ల దారి. నిప్పంటుకుంటే దిగేదెట్లా? ఈ కాంప్లెక్సు వాళ్లకు చెప్తే చెవిన పడితేనా!

శుక్రవారం పొద్దున కవర్లన్నీ తనే పీకేశాడు. అందరినీ నిలబెట్టి, మోగితే చేతిలో పని వదిలి బయటికి రావాలని గంటసేపు చెప్పాడు. అందరూ బుద్ధిగా తలలూపారు.

సాయంత్రం పని ముగించి కింద, ప్యానెల్ దగ్గర చాయ్ అందుకున్నాడో లేదో, సైరన్ మోగింది. ఒక్కరూ తల ఎత్తలేదు. బుచ్చవ్వ ప్యానెల్‌కున్న తాళంచెవి తిప్పి నోరు మూయించింది.

“బంద్ జేసిన బిడ్డా. నువ్వు నిమ్మళంగ తాగు.”

“మల్ల సేటు సాంబ్రాణే ఉంటది,” అని విసుక్కుని కొండల్ చాయ్ ఊదుకుంటూ తాగాడు. కప్పు ఖాళీ చేసి సదానందం మీదికి పోయాడు. “పొద్దుగాల గంత మొత్తుకుంటి గద సేటు!”

“నన్నంటవేంది?” అన్నాడు సదానందం, చీర మడతపెడుతూనే. “నేనింక నిప్పులే ఎయ్యలే.”

కొండల్ అప్పుడు చూశాడు ప్యానెల్ వైపు. మూడో అంతస్తు, కుట్టు గది.

మెట్లు ఎట్లా ఎక్కాడో అతనికే తెలియదు. గదినిండా పొగ. కిటికీల దగ్గర ఆడవాళ్లు దగ్గుతున్నారు. ఇస్త్రీ పెట్టె కింద మాడిన గుడ్డల కుప్ప మీద వనజ బిందెతో నీళ్లు గుమ్మరిస్తోంది. ఎవరికీ ఏమీ కాలేదు. భయం తగ్గగానే అతనికి కోపం తన్నుకొచ్చింది.

“మోగంగనే దిగుండ్రని చెప్పిన గదనే! ఎందుకు దిగలే?”

“సాంబ్రాణి అనుకున్నం,” అంది వనజ కళ్లు తుడుచుకుంటూ. “మరి నువ్వు? కిందనే ఉంటివి. మోగి ఎంతసేపాయె, ఎందుకు రాలే?”

కొండల్ నోట్లో చాయ్ తీపి ఇంకా పోలేదు.