ఎదురెక్కే నీళ్ల లెక్క

ఇంజను మీద అరచెయ్యి ఆనించి వేడి చూసుకుని, సరంగు లాంచీని ప్రవాహానికి ఎదురు తిప్పాడు. పొట్టి మనిషి, గట్టి మణికట్లు. ఎగువ రేవుకు ఇరవై కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి. మేనేజరు కొత్త టైంటేబుల్ వేసినప్పటినుంచి, ఏడాదిగా రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యమే. ప్రయాణికులు నత్త మావయ్య అని పేరు పెట్టేశారు.

"ఇవాళైనా పరిగెత్తిస్తావా మావయ్యా?"

"నువ్వు దిగి వెనకనుంచి తోస్తే!"

అది ఆయన ఉద్యోగంలో చివరి రోజు. తిరిగి రాగానే మేనేజరు పిలిచి కాగితం ముందుకు తోశాడు.

"దారిలో లాంచీ ఆపుతున్నానని రాసి సంతకం పెట్టు. హాయిగా ఇంటికెళ్లు."

"ఆపలేదు సార్."

"నిలకడ నీళ్లలో ఇది గంటకి పదిహేను పోతుంది. రానూపోనూ నలభై. రెండు గంటల నలభై నిమిషాలు చాలు. పోయేటప్పుడు ప్రవాహం ఎంత ఆపుతుందో వచ్చేటప్పుడు అంతే తోస్తుంది. చెల్లుకు చెల్లు."

"చెల్లదు సార్. ఎదురెక్కేచోట ఎక్కువసేపు ఉంటాం, కలిసొచ్చేచోట తక్కువసేపు."

సరంగు కూతురు లెక్కల టీచరు. "తెలియనిదాన్ని ఎక్స్ అనుకో నాన్నా. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం" అని ఆమె చెప్పిన నాటినుంచి నెల రోజులు పాత క్యాలెండరు కాగితాలన్నీ నింపాడాయన. ఇప్పుడు సంజాయిషీ రాయాల్సినచోట వంకర అంకెలతో రాశాడు. ప్రవాహ వేగం ఎక్స్. ఇరవైని పదిహేను మైనస్ ఎక్స్‌తో భాగిస్తే పోయే కాలం, పదిహేను ప్లస్ ఎక్స్‌తో భాగిస్తే వచ్చే కాలం. రెండూ కలిపితే మూడు గంటలు. ఎక్స్ ఐదు అని తేలింది.

"పోను రెండు గంటలు, రాను ఒకటి" అన్నాడు.

"కాగితం ఏదైనా ఒప్పుకుంటుంది. ఐదని నదికి తెలుసా?"

"పదండి, అడుగుదాం."

రేవు గట్టు పొడవు కొలిచినట్టు వంద మీటర్లు. సరంగు ఎండుకట్టె ముక్కను నీళ్లలోకి విసిరాడు. మేనేజరు గడియారం చూస్తూ గట్టు వెంట నడిచాడు. డెబ్భై రెండు సెకన్లు. ఫోనులో లెక్క కట్టి, మరోసారి కట్టాడు. గంటకు ఐదు కిలోమీటర్లు.

"సరే, సంతకం అక్కర్లేదులే."

"అక్కరుంది సార్." సరంగు సమీకరణం కింద తన పేరు అక్షరం అక్షరం విడివిడిగా రాశాడు. "ఫైల్లో ఉండనివ్వండి. నా తర్వాత వచ్చేవాణ్ణి ఎవరూ నత్త అనకూడదు."

ఎవరి వీడ్కోలు కోసమూ ఆగకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు గోడమీద టైంటేబుల్‌లో మూడు గంటలని ఉంది. కొత్త సరంగు ఆరడుగుల మనిషి, నిలబడడానికి పీట అవసరం లేదు. చుక్కాని చక్రం ముందున్న చెక్కపీటను పక్కకు జరపడానికి వంగి, ఆగిపోయాడు. దాని మీద రెండు పాదాల మేర కొయ్య నున్నగా అరిగి, గుంటలు పడి ఉంది.