కాలికి విశ్రాంతి

“నొప్పిగా ఉంటే పరుగు మానెయ్. దానికింత ఆలోచన దేనికి?” అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండా, ఖాళీ కప్పు ఆమె వైపు చాపుతూ.

ఆ కప్పు అందుకోవడానికి ఆమె కుంటుకుంటూ హాలు దాటి వచ్చింది. అందుకుని, కుంటుకుంటూనే వంటింట్లోకి వెళ్ళి, కాఫీ నింపి మళ్ళీ తెచ్చి చేతికిచ్చింది. ఈ నడక మానెయ్యమని మాత్రం అతను అనలేదు. అనాలని తోచనూ లేదు, పాపం. మంచివాడే. పెళ్ళాం మీద ఏనాడూ చెయ్యెత్తి ఎరగడు. ఇంటిపనికీ ఏనాడూ చెయ్యెత్తి ఎరగడు.

నొప్పి మోకాలికీ చీలమండకీ మధ్య, ముందరి ఎముక లోపలి అంచు వెంట. మొదట్లో పరుగు మొదలెట్టినప్పుడు కాస్త సలిపి, ఒళ్ళు వేడెక్కాక పోయేది. తర్వాత పరుగు అయ్యాక కూడా పోవడం మానేసింది. ఇప్పుడు మంచం దిగి పాదం నేల మీద ఆనిస్తే చాలు, ప్రాణం లాగేస్తోంది. ఇంట్లో అందరి దగ్గరా దానికి మందు ఒక్కటే. “ఈ వయసులో పరుగులేమిటమ్మాయ్, నలుగురూ నవ్వరూ?” అని అత్తగారు. “ఏం వదినా, పరుగుల రాణీ, కిరీటం ఎప్పుడు పెడుతున్నారు?” అని ఫోన్లో ఆడపడుచు ఎకసెక్కం. నవ్వేవాళ్ళ సంగతి సరే, ఆమె భయం వేరు. మళ్ళీ ఎప్పటికీ పరుగెత్తలేనేమో.

పరుగు ఆమె నలభై దాటాక నేర్చుకుంది. షుగరు వచ్చేలా ఉంది, నడవండి అన్నారు డాక్టరు. నడిచింది. నడుస్తూ నడుస్తూ ఒకరోజు కాళ్ళు వాటంతటవే వేగం అందుకున్నాయి. పార్కు చుట్టూ ఆగకుండా మొదటి చుట్టు పూర్తి చేసిన పొద్దున, గేటు దగ్గర మోకాళ్ళు పట్టుకుని రొప్పుతూ పిచ్చిదానిలా నవ్వుకుంది. ఇన్నేళ్ళలో ఎవరి కోడలిగానో, ఎవరి తల్లిగానో కాకుండా చేసిన పని అదొక్కటే. ఒళ్ళు తనది, ఊపిరి తనది. ఇంటికెళ్ళి చెబుదామనుకుంది. గుమ్మంలోనే “ఇంతసేపా, టిఫిన్ ఎప్పుడు?” అన్నారు. చెప్పకుండా దాచుకుంది.

చివరికి భర్తే ఫిజియోథెరపీ క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. ఫిజియో చిన్నపిల్లలా ఉంది గానీ చెయ్యి మాత్రం గట్టిది. బొటనవేలితో ఎముక పొడుగునా నొక్కుతూ వచ్చింది.

“ఒక్కచోటే పొడిచినట్టుందా, పొడుగునా ఉందా?”

“పొడుగునా ఉందండీ.”

“అయితే నయం. ఒక్కచోటే ఉంటే ఎముక చిట్లిందేమో స్కాన్ తీసి చూడాల్సొచ్చేది. వీటిని షిన్ స్ప్లింట్స్ అంటారు. పరుగెత్తేవాళ్ళకి మామూలుగా వచ్చేదే. కండరాలు ఎముకని పట్టుకునే చోట, మోయలేనంత బరువు పడి నొప్పి చేసింది. ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. తగ్గుముఖం పట్టాక ఎక్సర్‌సైజులు చెప్తాను. ముందు ఆ కాలికి విశ్రాంతి కావాలి.”

పరుగెత్తేవాళ్ళకి అంది. తనని పరుగెత్తేవాళ్ళలో కలిపేసింది. ఆ నొప్పిలోనూ ఆమె వెన్ను కాస్త నిటారుగా అయింది. పక్కన భర్త ముఖం మాత్రం విశ్రాంతి అన్న మాట దగ్గరే వికసించింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే తల్లితో “డాక్టరమ్మ పరుగు మానెయ్యమంది” అన్నాడు. క్లినిక్ నుంచి ఇంటికి వచ్చేలోపు మాట అలా మారిపోయింది. ఆమె దిద్దబోయింది గానీ, అప్పటికే అత్తగారు “నేను చెబితే విన్నావా” అని అందుకున్నారు.

సరే, మానేసింది. ఆదివారం పొద్దుటి వేళ ఖాళీ అయిందని ఇంట్లో అందరికీ ఇట్టే తెలిసిపోయింది. “ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా” అంటూ భర్త చొక్కాలు ఇస్త్రీకి వచ్చాయి. అత్తగారి దుప్పట్లు ఉతుకుడికి వచ్చాయి. తడిబట్టల బకెట్టుతో మేడ మెట్లెక్కడం, దిగడం. గట్టి టైల్స్ మీద ఉత్తకాళ్ళతో గంటలు గంటలు నిలబడటం. ఐసు పెట్టుకోలేదా అంటే పెట్టుకుంది, తువ్వాలుతో కాలికి కట్టుకుని, స్టవ్ ముందు నిలబడి. కరిగిన నీళ్ళు మడమ మీదుగా కారి నేలంతా తడిస్తే, అదీ ఆమే తుడిచింది. నొప్పి రవ్వంత కూడా తగ్గలేదు. అంటే ఇది వయసే కాబోలు అనుకుని, బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చింది.

రెండోసారి ఒక్కతే వెళ్ళింది.

“తగ్గాలే ఈపాటికి. నిన్నంతా ఏం చేశారు?” అంది ఫిజియో.

“ఏమీ చేయలేదండీ. పరుగు పూర్తిగా మానేశా.”

“ఏమీ చేయకపోవడం ఎలాగో చెప్పండి, నేనూ నేర్చుకుంటాను.”

ఆమె నవ్వి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున లేచింది మొదలు. ఇస్త్రీ, వంట, మెట్లు, బస్సులో నిలబడి ఆఫీసుకి, సాయంత్రం నిలబడి ఇంటికి, మళ్ళీ వంట. దుప్పట్ల దాకా వచ్చేసరికి గొంతు నెమ్మదించింది. తన నోటితో తాను చెబుతుంటే తనకే కొత్తగా వినపడింది. ఏమీ చేయలేదు అన్న ఆ చిన్న మాట కింద ఇంత పని ఎలా పట్టిందో, ఇన్నేళ్ళూ అంత తేలిగ్గా ఎలా అనేసిందో ఆమెకి అర్థం కాలేదు. వరసగా పదిమంది అడిగినా పదిమందికీ అదే చెప్పి ఉండేది.

“అది పరుగో పనో మీ కాలికి తెలీదండీ” అంది ఫిజియో. “బరువు పడిందా లేదా అన్నదే దానికి తెలుస్తుంది. సరే, ఇది చెప్పండి. వారంలో ఎప్పుడెప్పుడు పరుగెత్తేవారు?”

“మామూలు రోజుల్లో కుదిరేది కాదు. అందుకని ఆదివారం అంతా కలిపి ఒకేసారి.”

“రోడ్డు మీదా?”

“సిమెంటు రోడ్డు మీద. పార్కు కన్నా ఇంటికి దగ్గరని.”

“షూ?”

ఆమెకి చెప్పడానికి సిగ్గేసింది. “మావారు వాడి వదిలేసినవి. ముందు గుడ్డ కుక్కుకుంటే సరిపోయేవి.”

ఫిజియో నవ్వలేదు. “ఆరు రోజులు ఆపి, ఏడో రోజు మొత్తం కాలి మీద పడేస్తే ఇరవై ఏళ్ళ పిల్లకైనా ఇదే వస్తుంది. మీ వయసు తప్పేం లేదు ఇందులో. రోజు విడిచి రోజైనా సరే, కొంచెం కొంచెం పరుగెత్తాలి. వారానికి కాస్తే పెంచాలి. మెత్తటి మట్టి మీద, మీ పాదం కొలతకి కొన్న షూతో. పిక్కలు గట్టిపడాలి. అవన్నీ నేను చూసుకుంటా. ముందు మీరు కూర్చోండి.”

మీ వయసు తప్పేం లేదు. ఆ మాట పట్టుకునే ఆమె ఇంటికి బస్సెక్కింది. తన ఆదివారాలు ఎందుకలా ఉబ్బిపోయాయో, మిగతా ఆరు పొద్దుల్నీ ఎవరు తినేశారో ఆలోచిస్తూ ఉంటే అరికాలి మంట నెత్తికెక్కింది. దార్లోనే దిగి తన కొలతకి షూ కొనుక్కుంది. ఇంటికొచ్చి భర్త కూర్చునే వాలుకుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టి, ఐసు పెట్టుకుంది.

“అదేమిటి, కాఫీ?” అన్నాడు భర్త.

“విశ్రాంతండీ” అంది.

మొదటి వారం ఇల్లు ఇల్లులా లేదు. పాలు పొంగి స్టవ్ అంతా మాడింది. చొక్కాకి ఇస్త్రీపెట్టె ముద్ర పడింది. కూతురు నవ్వుతూ నాన్నకి మిక్సీ ఎలా వాడాలో నేర్పింది. ఆమెకి లేచి సర్దేయాలని చేతులు దురద పెట్టాయి. లేవలేదు. పరుగెత్తడం కన్నా అలా కూర్చోవడమే కష్టమైంది, నిజం చెప్పాలంటే. ఆఫీసులో మేనేజరు, కంపెనీవాళ్ళ పరుగు పందెం రోజున ఆమెని మంచినీళ్ళ బల్ల దగ్గర నిలబడమన్నాడు. ఏటా ఆడవాళ్ళంతా అక్కడే. “ఎలాగూ కాలు బాలేదు కదా మేడమ్” అన్నాడు జాలిగా. “నిలబడటం కూడా వద్దన్నారు సార్. ఈసారి మీరు నిలబడండి, వచ్చేసారి నేను పరుగెత్తుతాను” అంది. పక్క సీట్లో అమ్మాయి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అత్తగారు మాత్రం మూతి ముడుచుకునే తిరిగారు. ఒక మధ్యాహ్నం వచ్చి ఎదురుగా కూర్చుని, ఆ ఐసు మూట వంక చాలాసేపు చూశారు.

“నాకూ లాగేవి కాళ్ళు, నీ వయసులో. నాకెవరూ విశ్రాంతి రాయలేదు” అన్నారు.

“మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళారా అత్తయ్యా?”

“వెళ్తే వంటెవరు చేస్తారు?” అనేసి, తన మాట తనకే వినపడినట్టు ఆవిడ ఆగిపోయారు. ఆ సాయంత్రం దుప్పట్లు కొడుకు చేత మోయించారు.

నొక్కితే నొప్పి లేని రోజు వచ్చాక ఎక్సర్‌సైజులు మొదలయ్యాయి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం. అత్తగారు పక్కన చేరి “నాకు పరుగు కోసం కాదు, మోకాళ్ళకి మంచిదట” అంటూ తనూ మడమలు ఎత్తారు. చివరికి క్లినిక్‌లో ఒంటికాలి మీద గెంతమన్నారు. గెంతింది. మళ్ళీ గెంతింది. నొప్పి లేదు. ఆ సాయంత్రమే పార్కు మట్టిబాట మీద కాసేపు నడక, కాసేపు పరుగు. మధ్యలో పెద్ద వయసాయన ఒకరు సునాయాసంగా దాటిపోయారు, పోనీ. బాగుచేసుకున్న కాలు, తను బాగుచేసుకున్న కాలు, మట్టిని తన్నుతూ ముందుకి తీసుకెళ్తోంది. గర్వంతో కళ్ళ నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు.

భోజనాల దగ్గర చెప్పింది. ఈసారి దాచుకోలేదు. కూతురు చప్పట్లు కొట్టింది. భర్త నిజంగానే సంతోషించాడు.

“హమ్మయ్య. మొత్తానికి తగ్గింది. ఇక రేపట్నుంచి అంతా మామూలే.”

“రేపట్నుంచి పొద్దున పూట నేను ఇంట్లో ఉండనండీ. పార్కులో ఉంటాను.”

“రోజూనా?” అతను ముద్ద కలపడం ఆపాడు. కోపం లేదు ఆ ముఖంలో, ఉత్త అయోమయం. “కాలు బాగైపోయిందిగా. ఇంక మామూలుగా ఉండొచ్చుగా?”

“మామూలుగా ఉండబట్టే కదండీ” అంది ఆమె, “ఈ నొప్పి వచ్చింది.”